లోతు లేని చోటు

రెండు టెంట్లు చాలవని సోఫియా, ఒకటి చాలని ఎరిక్. మదనపల్లెలో ఆ ఇంట్లో పొద్దుటినుంచీ ఇదే రగడ. తాత ఎవరి టెంటులో పడుకోవాలో మాత్రం క్యాథరిన్ ఎప్పుడో తేల్చేసింది. తన టెంటులోనే.

వాళ్లు వెళ్లాలనుకుంటున్నది కొండల నడుమ కొత్తగా నిండిన చెరువుకు. ఆనకట్ట కట్టాక తాత నెహెమ్యా పుట్టిన ఊరు ఆ నీళ్ల కిందికి పోయింది. ఇల్లు, బావి, చర్చి, అన్నీ పోయాయి. పోతే పోనీ అనుకున్నాడు. ఊరు ఖాళీ చేసేటప్పుడు ఆయన తుంటి విరిగి ఆసుపత్రిలో ఉన్నాడు. అక్కడినుంచి కొడుకును కోరింది ఒక్కటే.

"మీ అమ్మను నీళ్లపాలు చేయొద్దప్పా. ఈడికి తెచ్చి పెట్టు."

కుప్పంలో ఉద్యోగం, సెలవు దొరకదని గొణిగాడు గానీ, చివరికి తెచ్చి పెట్టానన్నాడు ఎరిక్. ఇక్కడి సమాధుల తోటలో కొత్త సమాధి కట్టించాడు. అప్పటినుంచి ప్రతి ఆదివారం ఆరాధన అయ్యాక నెహెమ్యా కర్ర ఊతంతో అక్కడికి వెళ్తాడు. మూరెడు కనకాంబరాలు పెట్టి, ఇంటి కబుర్లన్నీ భార్య ప్రభావతికి చెప్పి వస్తాడు. మన ఊరి మీద మనవరాలు ఈత నేర్చుకుంటుందంట అని మొన్న ఆదివారమే చెప్పాడు. ఇలాంటి కొడుకునిచ్చినందుకు ఆయన దేవునికి స్తోత్రం చెప్పని రోజు లేదు.

"ముందు ఈత సంగతి తేల్చండి," అంది కోడలు సోఫియా. "పాపకు ఈత రాదు. లోతు తెలీని నీళ్లలో నేను దించను. మంచి చోటు లేదంటే క్యాన్సిల్ చేసుకుందాం."

క్యాథరిన్ ముఖం చిన్నబుచ్చుకుంది. నెహెమ్యాకు ప్రాణం ఉసూరుమంది. ఆ పిల్లకు తన ఊరు చూపించకుండానే పోతానేమోనన్నదే ఆయన బెంగ.

"యాల భయపడతావమ్మా? నాకు తెలీని నేలా అది? చర్చి ఎనక మిట్ట ఉండాది. ఆడ పాపకు నడుములోతు మించదు. మన సమాధులన్నీ ఆడనే ఉండె. ఇప్పుడు అందరినీ తెచ్చుకున్నాము గదా."

"ఆ పక్క వద్దు నాయనా," అన్నాడు ఎరిక్ చటుక్కున. "బురద."

"మిట్టన బురద యాడిదిరా? చిన్నప్పుడు బాయి చూస్తేనే పరిగెత్తేవాడివి. నీ పిరికితనం ఇంకా పోలేదు."

క్యాథరిన్ పకపకా నవ్వింది. ఎరిక్ నవ్వలేదు.

సోఫియా ఊరుకోకుండా పుంగనూరు మునికుమార్‌కు ఫోన్ చేసి స్పీకర్ పెట్టింది. టెంట్లు అద్దెకిచ్చేది అతనే. సెలవుల్లో ఆ చెరువు గట్టునే ఉంటాడు. ఎరిక్ ఫోన్ లాక్కోబోతే క్యాథరిన్ అతని చెయ్యి పట్టుకుని వేలాడింది.

"చర్చి మిట్ట కాడ లోతెంతప్పా?" గట్టిగా అడిగాడు నెహెమ్యా. "పిల్లోళ్లు నిలబడొచ్చునా?"

"భయమే లేదు పెద్దాయనా, ఆడుండే సమాధులన్నీ తవ్వి తీసకపోయినా ఒకటి మాత్రం అట్లే ఉండాది, పిల్లోళ్లంతా దాని మీదెక్కే నీళ్లలోకి దూకుతాండారు, పట్టుకునేదానికి సిలువ గూడా ఉండాది, ఎవురో ప్రభావతి అని దాని మీద పేరుండాది."