చివరి పదహారు పేజీలు

ఆ నవలకి చివరి పదహారు పేజీలు లేవు.

ఆ సంగతి సోమవారం మొదటి పీరియడ్ కాకముందే లైబ్రరీ మేడమ్ చెవిన పడింది. ఒక్కరు కాదు, పదకొండు మంది వచ్చి చెప్పారు.

"మేడమ్, ఇంతకీ హంతకుడెవరు?"

"నాకేం తెలుసు?"

"మీరు చదవలేదా మేడమ్?"

"మీ వెనక పుస్తకాలు సర్దడానికే పొద్దు చాలడం లేదు. ఇంక చదవడం కూడానా?"

ఒక హాస్టల్ స్కూల్లో జరిగే హత్య కథ అది. ఈ హాస్టల్ పిల్లలకి పిచ్చెక్కించింది. ఉన్నది ఒక్క కాపీ. సెలవులు అయ్యి స్కూలు తెరిచేసరికి ముప్పై రెండు మంది పేర్లు రాయించుకుని కూర్చున్నారు. పోయినేడు చదివిన ముగ్గురిని అడిగితే, ముగ్గురూ మూడు పేర్లు చెప్పారు.

ఈ ఏడు మొదట తీసుకెళ్లింది గూఢచారి. ఎనిమిదో తరగతి పిల్ల. ఎవరి సబ్బు పోయినా వెతికిపెట్టేది తనే కాబట్టి ఆ పేరు. వార్డెన్ తలుపు గడియ మీద వేలిముద్రల కోసం పౌడరు చల్లినందుకు ఒక ఫిర్యాదు, వంటగది తాళం హెయిర్‌పిన్నుతో తీసినందుకు ఇంకొకటి. మూడోది పడితే పెట్టె సర్దుకోవాల్సిందేనని ప్రిన్సిపాల్ ముందే చెప్పారు.

"నేను చింపలేదు మేడమ్. నాకు ఇచ్చినప్పుడే లేవు."

"లేకపోతే ఆ రోజే వచ్చి ఎందుకు చెప్పలేదు?"

"చివరికి వచ్చేదాకా నాకెలా తెలుస్తుంది మేడమ్?"

"ఎదురు మాట ఒకటి. మరి పేజీలకి కాళ్లొచ్చాయా?"

మేడమ్ కాగితం తీసుకుని ఫిర్యాదు రాయడం మొదలుపెట్టింది.

కిటికీ అవతల వరండాలో బైండింగ్ తాత కూర్చుని ఉన్నాడు. సెలవుల్లో పట్టుకెళ్లిన రెండు వందల పుస్తకాల్లో ఆఖరి కట్ట ఆ ఉదయమే తెచ్చి, వీపుల మీద నంబర్లు అతికిస్తున్నాడు. ఆయనంటే కూడా మేడమ్‌కి విసుగే. పదిరోజుల పని నెల చేస్తాడు. అడిగితే, చదవకుండా కుడితే ఆకులు తారుమారు అవుతాయమ్మా అంటాడు.

"పంపేస్తే ఆ పిల్ల మళ్లీ వస్తుందా అమ్మా?" అన్నాడు కిటికీలోంచి.

"ఎక్కడికి వస్తుంది? ఇంట్లో చదివించే స్తోమత ఉంటే ఫ్రీ సీటులో ఎందుకు చేరుతుంది? మీ పని మీరు చూసుకోండి తాతా."

"ఆ పుస్తకం ఒకసారి ఇలా ఇస్తారా?"

"చూడండి. మీరూ చూడండి. అందరూ అయ్యారు, మీరొక్కరే తక్కువ."

తాత పుస్తకం తీసుకుని వరండా చివర తన సామాను దగ్గరికి వెళ్లాడు. కాసేపటికి తిరిగి వచ్చాడు.

"పిల్ల చింపలేదమ్మా. నాదే తప్పు. కుట్టేటప్పుడు ఒక ఫారం వదిలేశాను. ఒక ఫారం అంటే పదహారు పేజీలు. లెక్క సరిపోయింది."

మేడమ్ కలం కింద పెట్టింది.

"నెల రోజులు చదివి చదివి కుట్టారు కదా. ఇదెలా వదిలేశారు?"

"ఇదొక్కటీ చదవలేదమ్మా."

"ఆ ఫారం ఏది మరి?"

"చిత్తు కాగితాల్లో కలిసిపోయి ఉంటుంది."

"ఎంత తేలిగ్గా చెప్తున్నారు. ఆ పిల్ల ఇంటికి పోయేది ఈపాటికి."

"అవునమ్మా."

ఆ 'అవునమ్మా' ఆమెకి ఇంకా కోపం తెప్పించింది. ఫిర్యాదు కాగితం చింపేసింది. పిల్లని క్లాసుకి పొమ్మంది. తాతని ఇంక రావద్దంది. అంతటితో ఊరుకోలేదు. ఆయనకి పని ఇచ్చే ఇంకో రెండు స్కూళ్లకి కూడా ఫోన్ చేసి చెప్పింది.

తాత సూదులు, మైనం, కత్తి సంచిలో వేసుకుని వెళ్లిపోయాడు.

అర్ధ సంవత్సర పరీక్షలు అయ్యాక ప్రచురణకర్తలు ఆ పదహారు పేజీలూ జిరాక్సు తీసి పంపారు. వాటిని కుట్టడానికి కొత్త బైండరు వచ్చింది. పాతికేళ్ల అమ్మాయి.

పుస్తకం విప్పి చూసి ఆగింది.

"దీన్ని ఇదివరకు ఎవరైనా కుట్టారా అమ్మా?"

"ఒక తాత. ఫారం వదిలేసిన మహానుభావుడు."

"ఎవరూ కుట్టలేదు. ఇది ప్రెస్సులో వేసిన మిషను కుట్టు, కదల్లేదు కూడా. చివరి ఆకులు ఎవరో చింపారు. మొదళ్లు కనబడకుండా తర్వాత ఇంకెవరో కత్తితో సాపు చేశారు. బాగా పని తెలిసిన చెయ్యి."

మేడమ్ పుస్తకం అందుకుని చూసింది. ఆమెకి ఏమీ కనిపించలేదు. వేలితో తడిమితే తెలిసింది.

"ఆ తాత కళ్లజోడుకి ఒకపక్క దారం కట్టుకునేవాడు," అంది నెమ్మదిగా. "నీకు తెలుసా?"

"ఆయనా? నాకు పని నేర్పిందే ఆయన."

"ఒకసారి రమ్మని చెప్తావా?"

"పోయిన నెల పోయారమ్మా."

బెల్లు కొట్టారు. వరండాలోంచి పిల్లలు వరసగా వెళ్తున్నారు. వాళ్లలో గూఢచారి కూడా ఉంది, ఎవరితోనో గట్టిగా వాదిస్తూ.

"ఆయన ఎనిమిదో తరగతి దాకా ఈ హాస్టల్లోనే చదివారట," అంది ఆ అమ్మాయి సూదిలోకి దారం ఎక్కిస్తూ. "ఏదో పుస్తకం చింపారని ఇంటికి పంపేశారట. చింపింది వేరేవాళ్లని తేలేసరికి, ఈయన బైండింగు పనిలో కుదురుకుని రెండేళ్లయిందట."