వస మడుగు

విల్లో పొదల మధ్య ఎవరో నిలబడి చూస్తున్నారు.

ముందుగా చూసింది జోసెట్. పదకొండేళ్ల పిల్ల. చేతిలోని పార జారిపోయింది.

"అక్కా... అక్కడ..."

సెలిన్ తలెత్తేసరికి పొదలు మాత్రం కదులుతున్నాయి. మనిషి లేదు.

"ఎలుగై ఉంటుందే."

"ఎలుగు తలకి గుడ్డ కట్టుకుంటుందా అక్కా?"

నిన్న పొద్దున కూడా ఒడ్డు బురదలో తమవి కాని అడుగులు కనబడ్డాయి. ఆకులు రాలే రోజుల్లో నకానీ అనే అడవి మనిషి తిరుగుతాడనీ, పొదల్లో నక్కి పిల్లల్ని ఎత్తుకుపోతాడనీ ఆ నది పొడుగునా ఉయ్యాల్లో బిడ్డక్కూడా తెలుసు.

"నకానీ అయితే ముందు డార్లానే పట్టుకుపోతాడు. చలికాలమంతా తినొచ్చు," అంది రీటా.

"నీ నోట్లో మన్ను పడ!" అంది డార్లా. ఎవరూ నవ్వలేదు.

సెలిన్‌కీ భయంగానే ఉంది. పైకి కనబడనివ్వలేదు. మందు మొక్కలు నేర్పుతానని ముగ్గురు తల్లుల్ని ఒప్పించి ఈ పిల్లల్ని తెచ్చింది తనే. ఆమెకి ఇరవై ఆరేళ్లు. అమ్మమ్మ దగ్గర, వాళ్ల మాటలో ఎత్సు దగ్గర, రెండేళ్లు నేర్చుకుంది. మూడో ఏడు రాకుండానే ఎత్సు పోయింది. ఊళ్లో ఇంకెవరికీ ఆపాటి కూడా తెలియదు.

"తవ్వే ముందు ఏం చెయ్యాలి?"

"పొగాకు పెట్టి మడుగుని అడగాలి," అన్నారు ముగ్గురూ.

చిటికెడు పొగాకు నీళ్లలో వదిలి మడుగులోకి దిగారు. మంచు దెబ్బకి ఆకులన్నీ కుళ్లి వాలిపోయాయి. ఏది ఏ మొక్కో పైనుంచి తెలియడం లేదు. బురదలో చేతులు పెట్టి వస కొమ్ముల కోసం తడిమి లాగుతున్నారు.

జోసెట్‌కి రెండ్రోజులుగా దగ్గు, వస దగ్గుకి మందు. లావుపాటి తెల్ల కొమ్ము ఒకటి కడిగి, ముక్క కోసి నోట్లో వేసుకుంది.

"వస చేదన్నావు కదక్కా? ఇది తియ్యగా ఉందే!"

సెలిన్ అటు తిరిగేలోపు పొదలు చీల్చుకుని ఒక ముసలామె వచ్చి పడింది. పిల్ల చేతిలోది కొట్టి పారేసింది. దవడలు పట్టుకుని నోట్లో వేళ్లు పెట్టి కెలికింది.

"ఉమ్ము! ఉమ్మెయ్!"

జోసెట్ కెవ్వుమంది. సెలిన్ ఒక్క ఉదుటున వచ్చి ముసలామెని తోసేసింది. ఆమె వెల్లకిలా నీళ్లలో పడింది.

"ఎవరు నువ్వు? పిల్ల నోట్లో చేతులు పెడతావా?"

"ఇక్కడ తవ్వొద్దమ్మా..." దగ్గు తెర ఆమెను మాట్లాడనివ్వలేదు.

"మా ఎత్సు నేర్పిన పనికి నువ్వెవరు వద్దనడానికి? రెండ్రోజులుగా నక్కి చూస్తున్నది నువ్వేగా? పో! పోకపోతే రేడియోలో పోలీసుల్ని పిలుస్తా!"

డార్లా బురదముద్ద విసిరింది. అది ఆమె భుజానికి తగిలింది.

ముసలామె మెల్లగా లేచింది. "ఆ పిల్ల నోరు కడిగించు," అంది. విల్లో కొమ్మలు పట్టుకుంటూ తన పడవ దాకా నడిచింది. తడిసిన బట్టల్తోనే వెళ్లిపోయింది.

సెలిన్ పిల్ల నోరు కడిగింది. ఆ వేళ్లు మురికివని.

పావుగంట గడిచింది.

"అక్కా, నాకేదోలా ఉంది."

ఆ మాట పూర్తవకుండానే జోసెట్ కళ్లు పైకి తేలిపోయాయి. ఒళ్లు విల్లులా వంగింది.

ఆసుపత్రి నలభై నిమిషాల దూరం. ఎదురుగాలి. డార్లా పిల్ల తల ఒళ్లో పెట్టుకుంది. రీటా ప్రార్థన చెబుతోంది, సగం మాటలు మర్చిపోయి మళ్లీ మొదటికొస్తోంది. పడవ నడుపుతున్న సెలిన్‌కి నది కనబడలేదు. జోసెట్ తల్లి మొహమే కనబడింది.

"ఎంత మింగింది?" అంది నర్సు.

"మింగలేదు. ఒకామె..." సెలిన్ మడుగులోంచి ఏరి తెచ్చిన మిగిలిన కొమ్ము బల్ల మీద పెట్టింది.

నర్సు దాన్ని ముట్టుకోలేదు. "వస కాదిది. విషపు దుంప. గుటక వేసుంటే ఇక్కడిదాకా వచ్చేది కాదు."

మర్నాడు మధ్యాహ్నం జోసెట్ కళ్లు తెరిచింది. అమ్మని పిలిచింది.

నాలుగో రోజున సెలిన్ ఎండుచేపలు, తేయాకు, పొగాకు మూటకట్టుకుని నది దిగువకి బయల్దేరింది. కనబడిన ప్రతి గుడారం దగ్గరా అడుగుతూ వెళ్లింది. చివరికి ఒక చెక్క ఇల్లు చూపించారు. ఒకతను దాని కిటికీకి పలకలు కొడుతున్నాడు.

"మొన్న మా వస మడుగుకొచ్చిన, తలకి గుడ్డ కట్టుకునే పెద్దావిడ..."

"అడెలిన్ పెద్దమ్మా? నిన్ననే మట్టి చేశాం."

సెలిన్ చేతిలో మూట అలాగే ఉండిపోయింది.

"ఊపిరితిత్తుల జబ్బు. మంచు కరిగినప్పట్నుంచీ మంచమే. మీరొస్తున్నారని రేడియోలో వినగానే, వద్దన్నా వినకుండా పడవెక్కింది. రెండ్రోజులు పీకినా అవలేదంది. తడిసి వచ్చి, జ్వరంతో పడుకుంది."

తోసింది నేనేనని చెప్పాలనుకుంది. దాని బదులు వేరే మాట అడిగింది.

"ఏం పీకిందన్నా? ఆ ఒంటితో అక్కడికెందుకు వచ్చింది?"

అతను సుత్తి కింద పెట్టాడు.

"మా ఒడీల్, పెద్దమ్మ కూతురు, ఎనిమిదేళ్లప్పుడు ఆ మడుగులోనే వస అనుకుని ఆ దుంప నమిలి పోయింది. ఆ ఊసెత్తితే పెద్దమ్మకి గొంతు పెగిలేది కాదు, అందుకే ఎవరికీ చెప్పలేదు. ముప్పై ఒక్క వేసవులు, మీ ఊరి పిల్లలు దిగకముందే వెళ్లి విషపు దుంపలన్నీ ఏరేసి వచ్చేది. ఈ ఒక్క ఏడే లేవలేకపోయింది."