వణికే చేతి పంతం

"చెయ్యి వణికితే బుర్ర కూడా వణుకుతుందని నీకెవరు చెప్పారమ్మా?"

ఓక్‌బున్ బల్ల మీద చరిచిన దెబ్బకు పెన్సిలు ఎగిరి కింద పడింది. డాక్టర్ హేవన్ వంగి దాన్ని తీసి, నవ్వు ఆపుకుంటూ మళ్లీ ఆమె ముందు పెట్టింది.

బూసాన్‌లోని ఆ ఆసుపత్రిలో హేవన్ చేస్తున్నది పార్కిన్సన్స్ రోగుల మీద పరిశోధన. ఒళ్లు వణికించే ఆ జబ్బు జ్ఞాపకాన్నీ ఆలోచననూ ఎప్పటినుంచి కొరకడం మొదలుపెడుతుందో పసిగట్టాలని ఆమె తాపత్రయం. అందుకోసం రోగులనూ, పోల్చి చూడటానికి అదే వయసులో ఆరోగ్యంగా ఉన్నవాళ్లనూ ఏటా పరీక్షిస్తుంది. టోంగ్‌యంగ్ రేవులో ఎండు నెత్తళ్ల చేపలు అమ్మి బతికిన ఓక్‌బున్‌కు ఆ జబ్బు వచ్చి చాలా ఏళ్లయింది.

"వద్దనడం లేదు బామ్మగారూ. అంత దూరం నుంచి బస్సులో రావాలి, పూటంతా కూర్చోవాలి. అలిసిపోతారేమోనని..."

"చేపల గంపలు మోసినదాన్ని, కుర్చీలో కూర్చుంటే అలిసిపోతానా? రాసుకో నా పేరు. పక్కనే మా ఆయన పేరు కూడా రాయి. ఆరోగ్యంగా ఉన్నవాళ్లు కావాలన్నావుగా!"

"ఆ జట్టు నిండిపోయిందండీ. ఇప్పుడు రోగులే కావాలి."

"అయితే నేనూ రాను. వస్తే ఇద్దరం వస్తాం, లేకపోతే ఎవరూ రారు."

ఆమె భర్త దల్సు పక్క కుర్చీలో నిటారుగా కూర్చుని ఉన్నాడు. ఒకప్పుడు దీవుల మధ్య లాంచీ నడిపిన సరంగు. ఇస్త్రీ చొక్కా, నున్నగా దువ్విన తెల్ల జుట్టు, ముఖం నిండా తీరిక.

"చూశారా డాక్టరుగారూ, నేను కంటికి కనపడకపోతే దీనికి ఊపిరాడదు" అన్నాడు. "ఇంతకీ మీది ఏ ఊరమ్మా?"

"జింజు అండీ."

"మంచి ఊరు. ఏరు బాగుంటుంది."

"మీకు ఒంట్లో ఏ ఇబ్బందీ లేదు కదా తాతగారూ?"

"నాకా? నేను ఆసుపత్రి గడప తొక్కడమే దీనికోసం. ఇప్పటికీ పడవేసుకుని, కళ్లు మూసుకుని దీవులన్నీ చుట్టి వస్తాను."

"మూసుకోకు. తెరిచే ఉంచు" అంది ఓక్‌బున్ చటుక్కున.

"మందులేమైనా వాడతారా?" అని హేవన్ అతణ్ణే అడిగింది. అతను నోరు తెరిచేలోపే, "రక్తపోటు మాత్ర. పొద్దున్నే నేనిస్తాను" అని ఓక్‌బున్ జవాబిచ్చేసింది.

"బామ్మగారూ, తాతగారిని కూడా కాస్త మాట్లాడనివ్వండి."

"పెళ్లయిన దగ్గర్నుంచీ అడుగుతున్నానమ్మా, ఇవ్వట్లేదు" అని దల్సు నవ్వాడు. హేవన్‌కూ నవ్వొచ్చింది. పెద్దావిడ మంకుపట్టు వెనక భయం ఉందనుకుంది. పై అధికారులను బతిమాలి, ఆరోగ్యవంతుల జట్టులో ఇంకొక్క మనిషికి చోటు సంపాదించింది.

పరీక్షల రోజున దల్సును సహాయకురాలు పక్క గదిలోకి తీసుకెళ్లింది. ఓక్‌బున్ హేవన్ ఎదుట కూర్చుంది. గడియారం బొమ్మ గీయమంటే గీత అడ్డదిడ్డంగా పోయింది.

"ఇది చేతి తప్పు, నాది కాదు. ఏ ముల్లు ఎక్కడుండాలో నోటితో చెబుతాను, విను" అని పొల్లుపోకుండా చెప్పింది. కాసేపటికి ఒళ్లు బిగుసుకుపోయింది. మాట గొంతు దాటి రానంది. నుదుటి మీద చెమట పట్టింది.

"ఇవ్వాళ్టికి ఆపేద్దామా?" అంది హేవన్ కంగారుగా.

ఓక్‌బున్ ఊపిరి కూడదీసుకుంది. "ఆపితే ఈ కుర్చీలోంచి లేవను. పోలీసుల్ని పిలుచుకో. ఊఁ, అడుగు."

ఇలాంటి మొండి మనిషిని హేవన్ చూడలేదు. తన బుర్ర తన చేతుల్లోంచి జారిపోకుండా ఎంత కొట్లాడుతోందో అనుకుంటే గుండె చెమ్మగిల్లింది.

పక్క గది తలుపు తెరుచుకుంది. దల్సు వచ్చి హేవన్‌కు వంగి నమస్కరించాడు.

"మా దానికి మీరు చాలా సాయం చేస్తున్నారు. మీది ఏ ఊరమ్మా?"

"జింజు అండీ."

"మంచి ఊరు. ఏరు బాగుంటుంది."

పాపం, ఆయనా అలిసిపోయినట్టున్నాడు అనుకుంది హేవన్. ఓక్‌బున్ గబుక్కున లేచి భర్త మోచెయ్యి పట్టుకుంది. "పద, బస్సు పోతుంది." వణికే కాళ్లతో ఆమె, ఊతకర్రలా నిలబడ్డ ఆయన అలా నడవాలో వెళ్తుంటే హేవన్ కళ్లార్పకుండా చూసింది.

ఫలితం చెప్పడానికి ఓక్‌బున్‌ను ఒంటరిగా పిలిచింది. దల్సు బయట బల్ల మీద కూర్చున్నాడు.

"మీ బుర్ర వజ్రం బామ్మగారూ! జ్ఞాపకం, లెక్క, ఆలోచన, దేనికీ ఢోకా లేదు. ఇక గుండెల మీద చెయ్యేసుకుని నిద్రపోండి."

ఓక్‌బున్ ముఖంలో నవ్వు జాడ లేదు.

"ఆయనది చూశావా?"

"ఆరోగ్యంగా ఉన్నవాళ్లవన్నీ కలిపి చివర్న చూస్తామండీ. తాతగారిని ఇక తిప్పకండి, ఆయనకెందుకు ఈ శ్రమ? మీకు ధైర్యం కావాలంటే నేనున్నానుగా."

ఓక్‌బున్ లేచి వెళ్లి తలుపు దగ్గరగా వేసింది. మొదటిసారి ఆమె గొంతు తగ్గింది.

"ఇప్పుడే చూడమ్మా. మందంటూ ఉంటే ఇవ్వాళే మొదలుపెట్టాలి. ఆ మతిమరుపు ఎంత పెద్ద రాకాసి అయినా సరే, నేను వదిలిపెట్టను."

హేవన్ తెల్లబోయింది. "మీకు మతిమరుపు లేదని ఇప్పుడే కదండీ చెప్పాను?"

"రోగి ఆయనమ్మా, నేను తోడొచ్చాను."