గోలెం కాడ జింకలు

"ఇగో సారూ, నా బర్రె తాగే నీళ్ల గోలెంలనే జింకలు మూతి పెడుతున్నయి. వాటి రోగం దీనికి అంటితే ఎట్ల?" అంది అహల్యమ్మ.

పశువుల డాక్టరు శ్రీహరి సూదిమందు తీశాడు. "మొన్న చచ్చిన జింకకు గొంతువాపు రోగమే. అది అటు నుంచి ఇటు, ఇటు నుంచి అటు అంటుతది. వానలకు ముందు ఊరి పశువులకు టీకాలేసిన నాడు నీ బర్రె ఏడికి పోయింది?"

"పాలు తగ్గుతయని బత్తాయి తోటల దాచిన."

"మా నుంచి బర్రెను నువ్వు దాచినవ్. నీ బర్రె నుంచి జింకలను ఎవరు దాచాలె?"

అహల్యమ్మ తల తిప్పి చూసింది. గట్టు మీద పిల్లతో నిలబడ్డ జింక, ఆమె ఎప్పుడు పక్కకు జరుగుతుందా అని చూస్తోంది. ఆమె బర్రె పగ్గం బిగించి పట్టుకుంది.

సూది దిగాక మెల్లగా అడిగింది. "వాటికి గూడ తలా ఒకటి వేస్తవా సారూ?"

"పట్టుకొచ్చి కట్టెయ్యి, వేస్త."