బజారులో పుట్టిన మాట

ఈసారి గెలిస్తే ఎంపీ అన్సెల్మో, వెనిజులా నుంచి కొత్తగా వచ్చిపడ్డ వాళ్ళకి సరిహద్దు ఊరైన అరికా బజారులో కొట్లు రాసిచ్చేస్తాడట. ఆలివ్ కాయలమ్మే ఎల్బా చెప్పింది. ఆమెకి ఇంకెవరో చెప్పారట. ఎవరని అడిగితే, “అబ్బ, బజారంతా అంటుంటే!” అని కసిరింది.

ఈ మాట మీద అందరికంటే ఎక్కువ గొడవ చేసింది జెనోబియా.

జెనోబియా గుమ్మడికాయ పిండితో గారెలు వేసి, పైన బెల్లంపాకం పోసి అమ్ముతుంది. ఎప్పుడో పెరూ నుంచి సరిహద్దు దాటి వచ్చిన మనిషి. కాగితాల్లేక దాక్కుని బతికే రోజుల్లో అన్సెల్మో గారే పూనుకుని, ఆఫీసుల చుట్టూ వెంటబెట్టుకు తిరిగి, ఆమెకి ఇక్కడ ఉండే హక్కు ఇప్పించారు. ఇప్పుడు ఓటు కూడా ఉంది. అంత పెద్దాయన చేత పని చేయించుకున్న పరదేశి బజారులో ఇంకొకరు లేరు. ఆ కథ వినకుండా ఆమె దగ్గర గారె తిన్నవాడూ లేడు.

ఇప్పుడాయన తెచ్చిన కొత్త చట్టంతో, ఇక్కడ పని చేసుకుంటున్న పరదేశులందరికీ కాగితాలొస్తున్నాయి. వాటిని పంచే వ్యాయామశాల ముందు పొద్దున్నే క్యూ. పిల్లల్ని చంకనేసుకుని, నవ్వుకుంటూ వచ్చి, పుచ్చుకుని పోతున్నారు.

జెనోబియా పొయ్యి వదిలేసి కొట్టు కొట్టుకీ తిరిగింది.

“ఒలెగారియో బాబాయ్, కొట్ల సంగతి నువ్వూ నమ్మావా ఏంటి?”

చేపలు కోస్తున్న ఒలెగారియో తలెత్తాడు. “ఏ కొట్లు?”

“అదే, నీ పక్కన ఖాళీగా ఉందే, అది వాళ్ళకిస్తారని. శుద్ధ అబద్ధం!”

“నా పక్కదా?” కత్తి ఆగిపోయింది. “దానికోసం మా అల్లుడు మున్సిపాలిటీ గుమ్మాలు అరగదీస్తున్నాడే!”

“అందుకేగా నమ్మొద్దంటున్నా.”

“పుట్టి పెరిగిన ఊళ్ళో మాకు దిక్కులేదు, నిన్నగాక మొన్న దిగినోళ్ళకి కొట్లా?”

“ఆయన అట్లాంటి మనిషి కాదు బాబాయ్!” అని గట్టిగా చెప్పి, పక్కనున్న కూరగాయల వరసలోకి నడిచింది జెనోబియా. అక్కడా అదే వాదన. ఆ తర్వాత మాంసం వరస.

పోలింగు రోజు సాయంత్రం బడిలో పెట్టె తెరిచారు. ఒక్కో ఓటూ పైకి చదువుతుంటే, అన్సెల్మో గారి తరఫు ఏజెంటుగా కూర్చున్నది జెనోబియానే. వరసపెట్టి అవతలివాడి పేరే వినబడుతుంటే తల వంచుకుంది.

ఆయన ఓడిపోయారు. బజారు చుట్టూ ఉన్న వాడలే ముంచేశాయి.

మర్నాడు అన్సెల్మో గారు ఒంటరిగా బజారుకొచ్చారు. చేపల కొట్టు ముందు ఆగారు.

“నేనేం తప్పు చేశాను ఒలెగారియో?”

“కొట్లన్నీ వాళ్ళకేనట కదా సారూ!”

“ఆ చట్టం రాసింది నేను. అందులో కొట్ల ఊసే లేదయ్యా!”

“ఏమో, అందరూ అన్నారు.”

ఎవరినడిగినా అదే జవాబు. చివరికి నీరసంగా వచ్చి జెనోబియా కొట్టు ముందు స్టూలు మీద కూలబడ్డారు. ఆమె వేడి గారెలు పెట్టింది. పాకం కాస్త ఎక్కువే పోసింది.

“నా వైపు నిలబడింది నువ్వొక్కదానివే తల్లీ. కొట్టు కొట్టుకీ తిరిగి కాదని చెప్పావట.”

జెనోబియా మూకుట్లో గారెలు తిప్పింది.

“ఆ మాట ఎవరు పుట్టించారో తెలిస్తే చాలు. నా వల్ల వాళ్ళకేం నష్టం జరిగిందో అడిగి పోతాను.”

జెనోబియా గరిటె పక్కన పెట్టి ఆయన ముఖంలోకి సూటిగా చూసింది.

“నేనే పుట్టించానయ్యా, నా ఒక్కదానికిచ్చింది దారినపోయే వాళ్ళందరికీ ఇచ్చాక, ఇక నాకు మీరిచ్చిందేముంది?”