పాఠం చెబుతానని వచ్చినాయన

“స్లైడ్లు లేవా? మరి ఏం చూపిద్దామని ఊడిపడ్డారు?”

ఆసుపత్రి మేనేజరు వెటకారానికి ఎదురుగా కూర్చున్న పెద్దాయన నొచ్చుకున్నట్టు కనబడలేదు.

గతేడాది ఎవరో ఫోనులో మాయమాటలు చెప్పి ఆసుపత్రి కంప్యూటర్ల పాస్‌వర్డు లాగేశారు. అలాంటి మోసాలకు చిక్కకుండా సిబ్బందికి శిక్షణ ఇప్పించమని పైనుంచి ఆదేశం. ఎవరితో ఇప్పించాలో తేల్చాల్సింది మేనేజరే.

“మీ సంస్థలో ఎంతమంది?”

“ఇద్దరమండీ.”

“అబ్బో, పెద్ద సైన్యమే! ఇంతకీ ఏం నేర్పుతారు?”

“మోసాన్ని ఎలా పసిగట్టాలో సిబ్బందికి చెప్తాం. ఒక్క పూట చాలు. ఆ తర్వాత మీతో కూర్చోవాలి.”

“నాతోనా? నాకేం నేర్పుతారు?”

“తప్పు జరిగిందని ఎవరైనా వచ్చి చెబితే, తిట్టకుండా వినడం.”

మేనేజరు ముఖం జేవురించింది.

“అంటే, కొంప ముంచినవాళ్లను నెత్తిన పెట్టుకోమంటారా?”

“భయపడ్డ మనిషి దాచేస్తాడండీ. ఆ దాచిన కాసేపట్లోనే అంతా పోతుంది.”

“నా ఆఫీసు నేనెలా నడపాలో మీరు చెప్పకండి. తలుపు అటుంది.”

పెద్దాయన లేచాడు. తలుపు దగ్గర ఆగి ఏదో అనబోయాడు. మేనేజరు అప్పటికే ఫోను చెవికి ఆనించుకున్నాడు.

శిక్షణ వేరే సంస్థకు దక్కింది. పరీక్ష తప్పినవాళ్ల ఫొటోలు నోటీసు బోర్డుకెక్కిస్తామన్న వాళ్ల పద్ధతి మేనేజరుకు తెగ నచ్చింది.

వానాకాలం మొదట్లో ఒకరోజు, ల్యాబ్ గుమస్తా పొద్దున్నే ఒక దొంగ మెయిలు తెరిచాడు. తెరవగానే పొరపాటు తెలిసిపోయింది. గోడ మీది ఫొటోలు కళ్లముందు మెదిలి, కిక్కురుమనకుండా కూర్చున్నాడు.

మధ్యాహ్నానికి ఆసుపత్రిలో ఒక్క కంప్యూటరూ పనిచేయలేదు. ఆపరేషన్లు ఆగిపోయాయి. రోగుల బంధువులు మేనేజరు గది మీద పడ్డారు.

“పొద్దున్నే ఏడవొచ్చుగా! నోరు పడిపోయిందా?” గుమస్తా మీద విరుచుకుపడ్డాడు మేనేజరు.

“మీరు చంపేస్తారని, సార్.”

మేనేజరుకు పెద్దాయన గుర్తొచ్చాడు. నంబరు వెతికి ఫోను చేశాడు. ఎత్తింది ఆడగొంతు.

“ఆసుపత్రి నుంచి మాట్లాడుతున్నా. పెద్దాయన్ని ఒక్కసారి రమ్మనండి.”

“నాన్న అక్కడికి మళ్లీ రారు. అప్పుడే వెళ్లొద్దని మొత్తుకున్నాను. వింటేనా? అక్కడ ఇంకెవరికీ అలా జరగకూడదన్నారు.”

“అలా అంటే? అసలు నువ్వెవరమ్మా?”



“ఇప్పుడా సార్, ‘అమ్మా’ అని పిలిచేది?” అంది, పాస్‌వర్డు పోయిన సంగతి భయంతో దాచినందుకు గతేడాది అతను అందరి ముందూ నిలబెట్టి తిట్టి, ఏడుస్తున్నా వినకుండా గేటు బయటికి గెంటించిన రిసెప్షనిస్టు.