కౌలు దున్నపోతు

ఏనాడూ బురదలో కాలు పెట్టని నెమలికి ఓ చేనుంది. దాన్ని కౌలుకు చేసేది దున్నపోతు. ఆ ఏడు వరదకి పైరంతా కుళ్ళిపోయింది. రైతులకు సాయమంటూ ఏనుగు దొర చేల శిస్తుతో నిండే తన గాదె నుంచి గింజల బస్తాలు పంపాడు. పంచడానికొచ్చిన కొంగ వాటిని నెమలి ముందు దించింది.

"కుళ్ళింది నా కష్టమయ్యా!" అని రంకె వేసింది దున్నపోతు.

"చేను నెమలిగారిది. సాయం చేను గలవాళ్ళకే," అంది కొంగ.

నెమలి పింఛం సర్దుకుంటూ, "వచ్చే పంట కారుకి త్వరగా దున్ను. కౌలు మాత్రం తగ్గించను," అంది.

దున్నపోతు కళ్ళు చింతనిప్పులయ్యాయి. మెడ మీది కాడి తీసి నెమలి ముందు విసిరికొట్టింది.

"రైతువి నువ్వేగా! నువ్వే దున్నుకో!"

అది చూసి పక్క చేల కౌలు ఎద్దులూ కాడి దించేశాయి.

మరుసటి ఏడు పంచడానికి ఏనుగు దొర గాదెలో గింజ లేదు.